గవరమ్మ, వేణ్ణీళ్ళ కుళాయి

అనగనగా, మబ్బులు గడప దాకా వచ్చే ఒక కొండ ఊళ్ళో, ఒక విడిది బంగళా ఉండేది. చలికాలం వస్తే చాలు, ఎక్కడెక్కడి వాళ్ళో మంచు చూడ్డానికి వచ్చి అందులో దిగేవాళ్ళు. వాళ్ళు తిన్న అంట్లన్నీ తోమేది గవరమ్మ. మనిషి ఇంతే ఉండేది కానీ, ఆవిడ తోమిన పళ్ళెంలో మొహం చూసుకోవచ్చు.

ఆ వంటింటి సింకుకి రెండు కుళాయిలు. చన్నీళ్ళది తిప్పితే దబదబా పడేవి. వేణ్ణీళ్ళది తిప్పితే మాత్రం నూలుపోగంత ధార! ఒక్క చెంబు నిండేలోపు పొయ్యి మీద పప్పు ఉడికిపోయేది. ఆ చలికి చన్నీళ్ళతో జిడ్డు వదులుతుందా, నువ్వే చెప్పు? తోమీ తోమీ పాపం గవరమ్మ వేళ్ళు పగిలి నెత్తురొచ్చేది.

అప్పుడు గవరమ్మ మేనేజరు సన్యాసిరావు దగ్గరికి వెళ్ళింది. "బాబూ, వేణ్ణీళ్ళు సరిగ్గా రావట్లేదు" అంది.

"కుళాయి మూతికి పాచి పట్టుంటుంది. అది కూడా నేనే కడగాలా?" అన్నాడు.

గవరమ్మ కుళాయి మూతికున్న జల్లెడ బిళ్ళ విప్పి, చింతపండు నీళ్ళలో నానబెట్టి, తళతళా తోమి మళ్ళీ బిగించింది. ధార మారలేదు.

ఆ తర్వాత మళ్ళీ వెళ్ళి అడిగింది. ఈసారి ప్లంబరు వచ్చాడు. సన్యాసిరావు పక్కన నిలబడి మరీ పాత కుళాయి తీయించి, మెరిసిపోయే కొత్త కుళాయి పెట్టించాడు. ధార మారలేదు.

మూడోసారి అడిగేసరికి సన్యాసిరావు విసుక్కున్నాడు. "మేడ మీది బాయిలరు ముసలిదైపోయింది, నీలాగే. నన్నేం చెయ్యమంటావ్? నిన్న పళ్ళెం జిడ్డుగా ఉందని ఒకాయన నా మొహం మీదే అన్నాడు. ఇంకొక్కసారి అలా జరిగితే పనిలోకి రానక్కర్లేదు!"

చూశావా ఆ నోరు! గవరమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. కానీ ఏం చేస్తుంది? ఆవిడకి ఉన్నది ఆ పనొక్కటే.

మర్నాడు పొద్దున్నే, కాఫీ కప్పులు తేవడానికి పై గదిలోకి వెళ్ళింది. స్నానాలగదిలో కుళాయి వదిలి ఉంది. పొగలు కక్కుతూ, బకెట్టు పొంగిపోయేలా వేణ్ణీళ్ళు! గవరమ్మ అక్కడే నిలబడిపోయింది. 'బాయిలరు ముసలిదైతే, ఇక్కడికి ఇలా ఎలా వస్తున్నాయి?' అనుకుంది.

గబగబా కిందికి దిగింది. వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి వదిలేసి, సింకు కింది గొట్టం మీద చెయ్యి పెట్టింది. గోరువెచ్చగా ఉంది. ఆ గొట్టం గోడలోంచి పక్కన సామాన్ల గదిలోకి పోయింది. గవరమ్మ కూడా పోయింది. తడుముకుంటూ, తడుముకుంటూ బియ్యం బస్తాల వెనక్కి దూరింది. అక్కడ చెయ్యి చుర్రుమంది! ఆ చుర్రుమన్న చోటే ఒక వాల్వు. ముప్పాతిక మూసేసి ఉంది.

సరిగ్గా అప్పుడే బంగళా యజమానురాలు విశాలాక్షమ్మగారు వచ్చింది. గవరమ్మ ఆవిణ్ణి, సన్యాసిరావుని బస్తాల దగ్గరికి పిలిచింది. "దీన్ని ఎవరు తిప్పారు బాబూ?" అని అడిగింది.

సన్యాసిరావు నసిగాడు. "పై గదుల్లో ధార తగ్గకూడదని... నేనేనండి. చలికాలం మొదట్లో."

"అంటే వాడికి ముందే తెలుసా అమ్మమ్మా?"

తెలుసే తల్లీ! తెలిసి తెలిసి చింతపండుతో తోమించాడు. తెలిసి తెలిసి కొత్త కుళాయి పెట్టించాడు!

గవరమ్మ వాల్వు పూర్తిగా తిప్పింది. వంటింట్లో వేణ్ణీళ్ళు దబదబా పడ్డాయి. విశాలాక్షమ్మగారు మేడెక్కి చూసి, పైనుంచి కేకేసింది: "ఇక్కడేం తగ్గలేదు సన్యాసిరావ్!"

విన్నావా? ఏమీ తగ్గలేదట! ఉత్తపుణ్యానికి ఆ మనిషి చేతులు చీరుకుపోయాయి!

అప్పుడు గవరమ్మ రెండు చేతులూ అతని మొహం ముందు పెట్టింది. "పాచి అన్నావు, బాయిలరు అన్నావు, నా ముసలితనం అన్నావు. ఒక్కనాడైనా 'నేనే తిప్పాను' అని ఎందుకు చెప్పలేదు బాబూ?"

విశాలాక్షమ్మగారు కిందికొచ్చి, ఆ చేతులు పట్టుకుని చూసి, "ఇవి మానేదాకా నువ్వు నీళ్ళలో చెయ్యి పెట్టొద్దు గవరమ్మా. అంట్లు ఇతను తోముతాడు" అంది.

తోమాడు! మధ్యాహ్నం పళ్ళేలన్నీ తోమాడు. గవరమ్మ పీట వేసుక్కూర్చుని ఒక్కొక్క పళ్ళేన్నీ వెలుతురుకి పట్టి చూసింది. "అంచు చూడు బాబూ, అంచు. ఇంకా జిడ్డుంది" అని వెనక్కిచ్చింది. నాలుగు పళ్ళేలు వెనక్కిచ్చింది. సాయంత్రం చేతులకి కొబ్బరినూనె రాసుకుని, తలెత్తుకుని నడిచి వెళ్ళింది.

కథ పోయె కంచికి,
గవరమ్మ పోయె ఇంటికి,
కునుకు రావాలి నీ కంటికి!