తలుపు ముందు ఓబుళవ్వ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, రాళ్ళింకా మెత్తగా ఉండే కాలం. కొండ కింద ఒక ఊరు. ఊరి కొసన గుడిసెలో ఓబుళవ్వ అని ఒక ముసలమ్మ. చీపుర్లు కట్టి అమ్ముకునేది. చెవులు కాస్త మందం. తల్లిలేని మనవరాలు తిప్పక్క తప్ప ఆమెకు ఎవరూ లేరు.

ఆ ఊళ్ళో బడి పెద్దరెడ్డి ఇంటి అరుగు మీద జరిగేది. అయ్యవారికి చూపు మసక. పిల్లలు గొంతెత్తి చదివితే తప్పొప్పులు చెవితోనే పట్టేవాడు. ఆ అరుగెక్కే భాగ్యం గుడిసెల పిల్లలకు లేదు.

"నా కట్టె కాలేలోగా ఈ బిడ్డకు చదువబ్బితే చాలు దేవుడా" అని ఓబుళవ్వ రోజూ మొక్కుకునేది. మొక్కుకుని, మనవరాలితో అరుగుకు ఎదురుగా వీధిలో కూర్చుని చీపుర్లు కట్టేది. తిప్పక్క వింటూ మట్టిలో వేలితో దిద్దేది. పిల్లల గొంతు తగ్గితే అవ్వ కేకేసేది.

"ఇనపళ్ళేదు సామీ, రవ్వంత గట్టిగా!"

అయ్యవారు నవ్వి, "అవ్వకు వినపడాలిరా!" అనేవాడు.

పెద్దరెడ్డికి ఒళ్ళు మండింది. "మన చదువు వీధిపాలవుతోంది" అని బడిని నడవలోకి మార్పించాడు. అవ్వ గడప దగ్గరికి జరిగింది. "ఇనపళ్ళేదు సామీ, రవ్వంత గట్టిగా!"

రెడ్డి తలుపులు వేయించాడు. అవ్వ తలుపుకు చెవి ఆనించింది. "ఇనపళ్ళేదు సామీ, రవ్వంత గట్టిగా!"

"ఇక పెదాలతోనే చదవండి, శబ్దం బయటికి రాకూడదు" అన్నాడు రెడ్డి. అయ్యవారు తినేది ఆ ఇంటి కూడే. తల వంచుకున్నాడు.

ఇల్లు మూగదయింది.

"పోదాం పా అవ్వా, ఇంకేముంది ఇక్కడ?" అంది తిప్పక్క.

"ఉండు తల్లీ. సరస్వతమ్మ ఎంతకాలమని గుసగుసలాడుతుంది?"

ఎండలోనూ వానలోనూ అవ్వ ఆ తలుపు ముందే కూర్చుంది.

దసరా వచ్చింది. ఆనవాయితీగా అయ్యవారు పిల్లల్ని ఇంటింటికీ తీసుకెళ్ళి పద్యాలు చదివించాలి. మొదటి వాకిలి పెద్దరెడ్డిదే. పక్కూరి పెద్దలంతా వచ్చి కూర్చున్నారు. పిల్లలు నోళ్ళు తెరిచారు. పెదాలు కదిలాయి. పద్యం మాత్రం రాలేదు. వస్తే కదా! వినేవాళ్ళు లేరని ఇన్నాళ్ళూ ఉత్త పెదాలే ఆడించారు.

వెనక నుంచి కేక. "ఇనపళ్ళేదు సామీ, రవ్వంత గట్టిగా!"

పక్కూరివాళ్ళు పకపకా నవ్వారు. "అవ్వకైతే చెముడు రెడ్డీ, మాకేమొచ్చింది?"

రెడ్డి ముఖం మాడిపోయింది. "ఏం చెప్పినారు అయ్యవారూ మా పిల్లలకు?"

అయ్యవారు అప్పుడు తలెత్తాడు. "కళ్ళు దేవుడు తీసుకున్నాడు, చెవులు మీరు మూసినారు. దేంతో చెప్పను? ఇకమీద తలుపు తెరిచే చెబుతా. ఆ తలుపులోంచి ఏ బిడ్డ వచ్చినా కూర్చోబెడతా. కాదంటే చెప్పండి, ఇప్పుడే పోతా."

రెడ్డి ఆ పిల్లల వరసలోనే ఉన్న తన మనవడి వంక చూశాడు. వాడు కళ్ళనీళ్ళతో నిలబడి ఉన్నాడు.

"తలుపులు తీయండి" అన్నాడు రెడ్డి, నేల చూస్తూ.

తిప్పక్క గడప దాటింది. అవ్వకు గుండెల మీంచి బండ దిగినట్టయింది. "ఇంక చాలు తండ్రీ" అని రెండు చేతులూ జోడించింది.

మరుసటి ఏడు అవ్వ కన్నుమూసింది. పాడె బడి ముందు నుంచి పోతుంటే అయ్యవారు పాఠం ఆపలేదు. "ఇంకా గట్టిగా, అవ్వకు వినపడాలి" అన్నాడు. ఆ చదువు వల్లకాటి దాకా వినపడిందంటారు.

ఆ పక్క ఊళ్ళలో ఇప్పటికీ పాఠం జరుగుతుంటే బడి తలుపు మూయరు. జల్లు లోపలికి కొట్టినా మూయరు. ఇంట్లో పిల్లలు పాఠం గొణిగితే, తల్లులు పొయ్యి దగ్గర నుంచే కేకేస్తారు.

"ఓబుళవ్వకు ఇనపడాలి నాయనా!"