సబీనా తుడిచిన రొట్టెలు

ఎప్పటి మాటో చెప్పలేను గానీ, ఏడు సముద్రాల అవతల రోము రాజ్యంలో సబీనా అని ఒక రొట్టెల బట్టీ మనిషి ఉండేదట. ఊరందరి రొట్టెలూ ఆమె బట్టీలోనే కాలాలి. ప్రతి ఇల్లాలూ పిండి ముద్ద మీద తన ఇంటి ముద్ర కొట్టి తెచ్చేది. ఆ ముద్ర చూసి ఎవరి రొట్టె వాళ్ళకిచ్చేది సబీనా.

సబీనా క్రీస్తును నమ్మింది. ఆ రోజుల్లో అది పెద్ద నేరం. ఊరి అధికారి కస్సియస్ వచ్చి, "మన పాత దేవుళ్ళకి ధూపం వెయ్యనివాళ్ళ రొట్టె కాల్చకూడదు" అన్నాడు. ఇంకేముంది, బట్టీ తనదే, రొట్టె మాత్రం లేదు! అప్పుడు పక్కింటి ద్రూసా, పాత దేవుళ్ళ భక్తురాలు, సబీనా పిండి మీద తన ముద్ర కొట్టింది.

"ముందు పిల్లల ఆకలి చూడవే. దేవుళ్ళ సంగతి తర్వాత" అంది. అలా మూడు చలికాలాలు సబీనా పిల్లలు బతికారు.

ఇంతలో చక్రవర్తి ఒక యుద్ధం గెలిచాడు. గెలిపించింది క్రీస్తేనని ఆ మతం పుచ్చుకున్నాడు. ఏ ఎండకా గొడుగు పట్టే కస్సియస్ మెడలో తెల్లారేసరికి శిలువ వేలాడింది.

"శిలువ ముద్ర లేని రొట్టె కాల్చకు" అన్నాడు. "మీకు మంచి రోజులొచ్చాయే!"

"ద్రూసా మనవలు పస్తుంటే నాకెక్కడి మంచి రోజులయ్యా?" అంది సబీనా.

ద్రూసా ముసలిది, మొండిది. చచ్చినా శిలువ ముద్ర కొట్టనంది. సబీనా అరచెయ్యి తడుపుకుని, ద్రూసా ముద్ర తుడిచేసింది. తన శిలువా తుడిచేసింది. రెండు ముద్దలూ బట్టీలో పెట్టింది.

మొదటి రోజు కస్సియస్ తిట్టాడు. ఆమె తుడిచింది. రెండో రోజు కొరడాతో కొట్టించాడు. ఏడుస్తూనే తుడిచింది. ఆ ఏడుపు ఊరంతా విన్నది. మూడో రోజు ఆడవాళ్ళందరూ ఇళ్ళ దగ్గరే ముద్రలు తుడిచి తెచ్చారు, శిలువ వాళ్ళూ, పాత దేవుళ్ళ వాళ్ళూ.

"ఇవి ఎవరివి?" అని అరిచాడు కస్సియస్.

"ఆకలైనవాళ్ళవి" అంది సబీనా.

"అన్నీ బూడిదలో పారేయిస్తా!"

"పారేయించు బాబూ" అంది ద్రూసా. "మీ ఇంటావిడ తెచ్చిందీ అందులోనే ఉంది. ముందు అది ఏదో ఏరుకో."

కస్సియస్ ఏరలేకపోయాడు. పొద్దెక్కింది, ఆకలేసింది. చేతికందిన రొట్టె తిని, "ఈ ఊళ్ళో అన్నీ శిలువ రొట్టెలే" అని రాజధానికి రాసి పంపాడు. బతకనేర్చినవాడు కదా!

సబీనా పోయి ఎన్ని తరాలైందో. ఆ ఊళ్ళో ఇప్పటికీ రొట్టెను బట్టీలో పెట్టేముందు తడి చేత్తో ఒకసారి తుడుస్తారట. ఎందుకత్తా అని కొత్త కోడలు అడిగితే, "ఎవరు తింటారో అడక్కుండా ఉండడానికే, పెట్టు" అంటారట.