పోలయ్య నీళ్ళు

అనగనగా ఒక కొల్లేరు, కొల్లేట్లో ఒక లంక. ఊ కొట్టండి మరి, ఊ కొట్టనివాళ్ళకి నేను చెప్పను. ఈ కథ చెప్పడం నాకేం సరదా కాదు. ఇందులో అందరూ మెచ్చుకునేది పోలయ్యని, తిట్టుకునేది మా ముత్తాత గంగుల్ని. అయినా అడిగారుగా, చెప్తాను.

మా ముత్తాత పరజల వేటగాడు. పరజలంటే చలికాలం వచ్చి, శివరాత్రి దాటాక వెళ్ళిపోయే నీటిబాతులు. కుండకి రెండు బెజ్జాలు పెట్టి, తలమీద బోర్లించుకుని, పీకల్లోతు నీళ్ళలో నడిచేవాడు. అదేదో కొట్టుకొచ్చిన కుండే అనుకునేవి పిట్టలు. కింద నుంచి కాళ్ళు పట్టి లాగేవాడు. పక్క పిట్టకి కూడా తెలిసేది కాదు. అదీ వేటంటే!

లంకలో ఒక కట్టుబాటు ఉండేది. వేటమాంసం ఊరందరికీ ఒకే కుండలో వండాలి. ఎవరి వల్ల వేట దొరికిందో వాడికి మొదటి గరిటె వెయ్యాలి. ఏళ్ళ తరబడి ఆ మొదటి గరిటె గంగులిదే.

పోలయ్య ఒంటి మనిషి. ఒక కాలు పొట్టి. ఒక తాటిదోనె తప్ప ఏమీ లేదు. వేటకి పనికిరాడు, వలకి పనికిరాడు, ఎవరూ పిల్లనివ్వలేదు.

మాఘం ముదిరితే కొల్లేట్లో నీరు తగ్గుతుంది. అంతరతామర తేలి, ఆకు మీద ఆకు చేరి, ఒడ్డు నుంచి ఒడ్డుకి చాప పరిచేస్తుంది. నీళ్ళు కనిపించకపోతే పరజ దిగదు. ఇంకో నెల ఉండాల్సిన పిట్ట ముందే లేచిపోతుంది. ఆ రోజుల్లో చేప కూడా చిక్కదు. పిల్లలు గంజినీళ్ళు తాగి పడుకునేవాళ్ళు.

ఒక ఏడు పోలయ్య కిక్కిస గడ్డి కోశాడు. లావుపాటి మోకులా పేని, ఊరి పక్క మడుగు చుట్టూ తేలేశాడు. లోపలి ఆకునంతా గెడతో అవతలికి నెట్టాడు. ఇక దోనె ఎక్కి గుండ్రంగా తిరగడమే పని. పొద్దున తిరిగాడు, మధ్యాహ్నం తిరిగాడు, పొద్దుగూకే ముందు తిరిగాడు.

“ఏరా పోలిగా, నీళ్ళకి ప్రదక్షిణాలు చేస్తున్నావా?” అని నవ్వాడు మా ముత్తాత.

“కదిలే నీళ్ళని ఆకు కప్పదు బావా,” అన్నాడు పోలయ్య.

నాలుగో రోజు పరజలు దిగాయి. కొల్లేరంతా మూసుకుపోయింది కదా, ఉన్న పిట్టంతా ఆ ఒక్క మడుగులోకే వచ్చింది. మా ముత్తాత కుండ పెట్టుకుని దిగి బుట్టెడు పట్టాడు. ఊరు ఊరంతా ఆకులేసుకుని కూర్చుంది. గరిటె పట్టుకున్నది మా ముత్తవ్వ నాంచారమ్మే.

“ముందు పోలయ్యకి!” అన్నారు పిల్లలు.

“ముందు పోలయ్యకే,” అన్నాడు ఊరిపెద్ద.

“ముందు పోలయ్యకేగా మరి,” అని మా ముత్తవ్వ, కట్టుకున్న మొగుడి ఆకు దాటుకుని వెళ్ళి పోలయ్యకి వడ్డించింది.

ఇంకేముంది, మా ముత్తాత కడుపు భగ్గుమంది. నీళ్ళలో నానింది తను, పట్టింది తను, గరిటె ఆ కుంటోడికా! నాకైనా మండుతుంది. మీకు మండదూ?

మర్నాడు పోలయ్య అన్నానికి పోయిన వేళ చూసి, గంపలకొద్దీ ఆకు తెచ్చి మడుగులో పోశాడు. పోలయ్య వచ్చి చూశాడు, అంతా ఎత్తిపోశాడు. ఆ పై వారం మా ముత్తాత మోకు కోసేశాడు. గాలికి ఆకంతా తోసుకొచ్చింది. పోలయ్య రెండు రోజులు తిండి మాని మళ్ళీ పేనాడు. పిట్టలు పోతే తన పిల్లలకీ కూడు లేదని మా ముత్తాతకి తెలీదా? తెలుసు. తన రెండు కళ్ళు పోయినా సరే, ఎదుటివాడి ఒక కన్ను పోవాలి. కుళ్ళంటే అంతే.

మూడోసారి దోనెకి చిల్లు పెట్టాడు.

దోనె మునిగింది. అప్పుడు పోలయ్య ఏం చేశాడు? మొలకి గుడ్డ బిగించి తనే నీళ్ళలో దిగాడు. ఈదురుగాలి కొడుతోంది. ఆ పొట్టికాలితో, రొమ్ములోతు నీళ్ళలో, చేతులతో ఆకు నెట్టుకుంటూ గుండ్రంగా నడిచాడు. ఒక రోజు నడిచాడు. రెండు రోజులు నడిచాడు. ఒడ్డున కూర్చుని మా ముత్తాత, “వస్తాడ్లే, ఇప్పుడు బయటికొస్తాడ్లే,” అనుకుంటున్నాడు. మూడోరోజు నలుగురు మోసుకొచ్చారు. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

“గంగులు బావని పిలవండి,” అన్నాడు.

మా ముత్తాత వెళ్ళి తలొంచుకుని నిలబడ్డాడు.

“చిల్లు ఎలా పడిందో నాకు తెలుసు బావా. ఆ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. ఈ పూట నీళ్ళు కదపలేదు. పో, ముందు పోయి కదుపు.”

తర్వాత మాట్లాడుకోవడానికి పోలయ్య మిగల్లేదు. తెల్లారేసరికి పోయాడు.

మా ముత్తాత ఆ దోనె పైకి లాగి, చిల్లులో కొబ్బరిపీచు, గుగ్గిలం కూరి, నీళ్ళలో దింపాడు. ఏడ్చుకుంటూ తిరిగాడు. చేసిందంతా పెళ్ళానికి చెప్పుకున్నాడు. మా ముత్తవ్వ నోట్లో నువ్వుగింజ నానదు, అందుకే ఇవాళ మీకూ తెలిసింది.

ఆ ఏడు తిరిగాడు. మరుసటేడు తిరిగాడు. ముప్పై ఏళ్ళు తిరిగాడు. పోలయ్య తిరిగింది ఎన్నాళ్ళని? ఒక్క మాఘం! అయినా ఊరివాళ్ళు, “పోలయ్య నీళ్ళలో పరజలు దిగాయిరోయ్!” అనే అరిచేవాళ్ళు. మొదటి గరిటె ఖాళీ ఆకులో పోలయ్య పేరునే వేసేవాళ్ళు.

“తిప్పేది నేను! గంగులు మడుగు అనండర్రా!” అని కేకలేసేవాడు.

“అలాగే మావా,” అనేవాళ్ళు. అటు తిరిగి పోలయ్య నీళ్ళనేవాళ్ళు. చచ్చినవాడి మీద కుళ్ళుకుంటూ ముసలివాడయ్యాడు మా ముత్తాత.

ఒక మాఘంలో మంచాన పడ్డాడు. చుట్టూ కొడుకులు చేరారు. “ఏం కావాలి నాయనా?” అని అడిగారు.

“నన్ను పోలయ్య నీళ్ళ దగ్గరికి తీసుకుపొండిరా,” అన్నాడు. “ఈ పూట ఇంకా కదపలేదు.”

ఆయన నోట ‘పోలయ్య నీళ్ళు’ అన్న మాట రావడం అదే మొదలు, అదే ఆఖరు.

ఇప్పుడు వేట లేదు, పిట్టని ముట్టుకోనివ్వరు. అయినా మాఘం వస్తే మా లంకలో దోనె దింపినవాడు ముందు ఆ మడుగులో మూడు చుట్లు తిరగాలి. “పోలయ్యా, కదిపాం,” అనాలి. నేనూ అంటాను. మా ముత్తాతే ఆ పేరు అన్నాక, ఇక నాకెందుకు పంతం?