అంగీలో ఆఖరి తేనెపట్టు

అనగా అనగా, ఇప్పటి కొండలన్నీ ఇంకా గులకరాళ్ళంతే ఉన్న రోజుల్లో, పళ్ళకోన అనే రాజ్యాన్ని రుచికేతు అనే మహారాజు ఏలేవాడు. ఆ రాజ్యంలో పెరట్లో చెట్టు లేని ఇల్లు లేదు. ఒకరింట మామిడి, ఒకరింట దానిమ్మ, ఒకరింట పంపరపనస. పంపరపనసకాయ ఎంతుండేదంటారా? తొనలు తినేసి, ఆ డొప్పలో కొత్త దంపతులు కాపురం పెట్టేవారు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఖడ్గపాలుడు. వాడు కత్తి దూస్తే పిడుగు పక్కకి తప్పుకునేది. రెండోవాడు జ్వాలాకేతు. వాడు కాగడా ఎత్తితే సూర్యుడు కళ్ళు నులుముకునేవాడు. మూడోవాడు అభయుడు. పేరైతే అభయుడే గాని, బల్లి అరిస్తే మంచం కింద దూరేవాడు. అన్నిటికన్నా భయం తేనెటీగంటే. చిన్నప్పుడొకటి ముక్కు మీద కుట్టింది. వాచిన ముక్కు ముందు వీధి మలుపు తిరిగేది, అరగడియ తర్వాత అబ్బాయి తిరిగేవాడు.

ఇలా ఉండగా ఒక మాఘమాసం వేకువన, మామిళ్ళు నిండా పూత మీదున్న వేళ, ఒక మాంత్రికుడు మబ్బు మీద కూర్చుని గడ్డం దువ్వుకున్నాడు. ఆమడ పొడవు గడ్డం. దువ్వెన దిగినప్పుడల్లా జలజలా మంచు రాలింది. పొద్దెక్కేసరికి పూతంతా పొయ్యిలోంచి తీసినట్టు నల్లబడింది. వాడే మంచుగడ్డం మాంత్రికుడు.

పువ్వు లేకపోతే తేనెటీగలేం తింటాయి? తొర్రల్లో, పుట్టల్లో ఆకలితో రాలిపోయాయి. జనం చాటలతో ఎత్తిపోశారు. పెద్ద రాకుమారుడు కత్తి పట్టుకుని మాంత్రికుడి దీవికి వెళ్ళాడు. రాలేదు. మరుసటేడూ మంచు రాలింది. రెండో రాకుమారుడు కాగడా పట్టుకుని వెళ్ళాడు. రాలేదు.

మూడో ఏడు మంచు పడలేదు. చెట్లు తెల్లగా విరగబూశాయి. జనం పండగ చేసుకున్నారు. వారం గడిచింది. పిందె లేదు. అప్పుడు గాని ఎవరికీ వినపడలేదు, చెట్ల కింద ఎంత నిశ్శబ్దంగా ఉందో. ఒక్క ఝుంకారం లేదు. పసిపిల్లలు సైతం ఆ నిశ్శబ్దానికి ఉలిక్కిపడి ఏడ్చారు. రాణివాసమంతా నిచ్చెనలెక్కి, నెమలీకలతో పుప్పొడి అద్దుతూ పువ్వు పువ్వునీ తడిమారు. మెడలు పట్టేశాయి గాని, కాసింది పన్నెండు కాయలే.

"వచ్చే పూతకీ పిందె పడకపోతే ఈ నేల వదిలి పోవాల్సిందే" అన్నాడు రాజు.

మళ్ళీ మొగ్గ కట్టే కాలం వచ్చింది. కొండల్లో తేనె తీసేవాళ్ళ పిల్ల ఇప్పమ్మ కొలువుకొచ్చింది. ఆమె వెనకాల ఒక ఎలుగుబంటి. ఏనుగుని చంకలో పెట్టుకునేంత ఎలుగుబంటి!

"మా ఎలుగుమామకి తేనె వాసన తగిలింది దొరా. ఏడు సముద్రాల అవతల ఒకే ఒక్క పట్టు మిగిలింది. తెచ్చుకోడానికి ఇద్దరు కావాలి. పొగ నేను వేస్తా. పట్టు పట్టుకునేవాళ్ళెవరు?"

సేనాపతి చెప్పు సవరించుకున్నాడు. మంత్రి దగ్గాడు. అభయుడు సింహాసనం వెనక నక్కి, తల్లి వైపు చూశాడు. ఆవిడ రోజూ మూడు విస్తళ్ళు వేసి, రెండు అలాగే ఎత్తేసేది. ఆ పూటా చేతిలో ఆ రెండు విస్తళ్ళున్నాయి.

"నే... నేనొస్తా" అన్నాడు అభయుడు. ఆ గొంతు ఎవరిదో తనకే తెలియలేదు.

ఎలుగు వీపెక్కి పదమూడు రోజులు నీళ్ళ మీద పోయారు. ఒక సముద్రంలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. ఒక సముద్రంలో నీళ్ళే ఏడుస్తున్నాయి. ఒక సముద్రంలో చేపలు మనుషుల మొహాలతో పైకొచ్చి "వెళ్ళకు, వెళ్ళకు" అన్నాయి.

"కళ్ళు మూసుకో దొరా."

"మూసుకున్నా కనిపిస్తున్నాయే!"

"ఏమోయ్ రాకుమారా, నా జుట్టు వదులు. బోడి చేసేలా ఉన్నావు" అంది ఎలుగు.

ఏడో సముద్రం దాటాక మంచుదీవి. ఆకు లేదు, పిట్ట లేదు. గుహ ముందు ఇద్దరు మనుషులు గడ్డకట్టి నిలబడ్డారు. ఒకడు కత్తి ఎత్తి ఉన్నాడు, ఒకడు కాగడా ఎత్తి ఉన్నాడు. అభయుడు నడుస్తుంటే వాళ్ళ కనుగుడ్లు మెల్లగా అతని వెంటే తిరిగాయి.

"అన్నయ్యా!" అన్నాడు. కళ్ళు మాత్రం తిరిగాయి.

గుహలో సలసల కాగే ఊట. దాని పక్క రాతితొర్రలో తేనెపట్టు. బెల్లప్పానకం గిన్నె పట్టుకుని మాంత్రికుడు ఈగలకి మేత పెడుతున్నాడు. తలెత్తకుండానే మాట్లాడాడు.

"రారా మూడోవాడా. మీ పెద్దన్న నా తల నరికాడు. కొత్తది మొలిచింది. రెండోవాడు నన్ను కాల్చాడు. ఆ మంటే గడ్డకట్టింది. నా ప్రాణం నాలో ఉంటే కదా! అదిగో, ఆ పట్టులోని రాణి ఈగలో ఉంది. దాచను. దాచే పనేముంది? లోకంలో మిగిలిన పట్టు ఇదొక్కటే. మిగతావన్నీ అందుకే చంపాను. రాణిని నలిపితే నేను చస్తాను. దాంతో ఈగల వంశమూ చస్తుంది. మీ చెట్లకి కలకాలం పిందె ఉండదు. ఊఁ, నలుపు!"

అంటూ గడ్డం విదిల్చాడు. పట్టు ముందు నిలబడ్డ అభయుడి పాదాలు రాతిలా బిగిశాయి. చలి మోకాళ్ళకెక్కింది.

ఇప్పమ్మ పొగకుండ పట్టుకుని పట్టు మీదికి వంగింది. ఉఫ్ మని ఊది ఈగల్ని పక్కకి జరిపింది. గదుల్లోకి తొంగిచూసింది.

"దొరా, గుడ్లున్నాయి. నిన్నా మొన్నా గుడ్డు పగిలి వచ్చిన పురుగులూ ఉన్నాయి. రాణిని నలిపెయ్!"

"వంశం పోతుందంటున్నాడు కదే!"

"వాడికి తెలిసింది రాజుల సంగతి. ఈగల సంగతి నాకు తెలుసు. రాణి పోతే అవి మామూలు కూలి ఈగ కావాల్సిన పిల్లనే ఒకదాన్ని ఎంచుకుని, పాలలాంటి మేత మేపి రాణిని చేసుకుంటాయి. మా కొండలో చూశాను."

"తప్పితే?"

"తప్పితే లోకంలో పండుండదు" అంది ఇప్పమ్మ.

చలి నడుము దాకా వచ్చింది. మాంత్రికుడు నవ్వుతున్నాడు. అభయుడు కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, ఈగల్లోకి చెయ్యి పెట్టాడు. ఒకటి కుట్టింది. పది కుట్టాయి. నూరు కుట్టాయి. చెయ్యి దుంగలా వాచింది. వేళ్ళకి పొడుగాటి ఒళ్ళొకటి తగిలింది. నలిపాడు.

నవ్వు సగంలో తెగింది. మాంత్రికుడి కళ్ళలో మొట్టమొదటిసారి భయం కనిపించింది. గడ్డం ముక్కలుముక్కలుగా విరిగి రాలింది. పోతూ పోతూ వాడు వదిలిన ఆఖరి ఊపిరికి మాత్రం గుహ ఫెళ్ళున పగిలింది, కాగే ఊట గడ్డకట్టింది.

"పట్టు చల్లబడితే పిల్లలు చస్తాయి! ఒంటికి హత్తుకో!" అని కేకేసింది ఇప్పమ్మ.

"ఎవరి ఒంటికి?"

"నా చేతిలో పొగకుండ ఉంది. నీకు అంగీ ఉంది!"

అభయుడు పట్టుని ఈగలతో సహా అంగీలో పెట్టుకుని గుండెకి హత్తుకున్నాడు. ఈగలు మెడ మీదికి పాకాయి, చెవుల్లోకి పాకాయి, రెప్పల మీద నడిచాయి. అతనికి వణుకు మొదలైంది. ఎంత వణుకంటే, దీవి అంచులు విరిగి సముద్రంలో పడ్డాయి.

"ఆపుకోలేకపోతున్నా ఇప్పమ్మా!"

"ఆపకు దొరా! వణుకు! వణికితే ఒళ్ళు వేడెక్కుతుంది. పిల్లల్ని కాచుకోడానికి ఈగలు చేసేదీ అదే!"

పళ్ళకోనలో అభయుడంత బాగా వణికేవాడు ఇంకొకడున్నాడా? ఒక్క పిల్లపురుగు చల్లబడలేదు.

గుహ బయట అన్నలిద్దరూ కరిగి తుమ్ముతున్నారు. అయిదుగురూ బయల్దేరారు.

"తమ్ముడూ, నీ పొట్ట గుయ్యిమంటోందేం?" అన్నాడు పెద్దన్న.

"నవ్వించకు అన్నయ్యా. కదిలితే కుడతాయి."

మూడో రోజు ఇప్పమ్మ అంగీలోకి తొంగిచూసింది. పట్టు అంచున వేరుశనక్కాయలాంటి గదొకటి వేలాడుతోంది. "రాణిగది కడుతున్నాయి దొరా!" అంది. ఏడో రోజు ఆ గదికి మూత పడింది. పన్నెండో రోజు ఈగల చప్పుడు సన్నగిల్లింది. సాయంత్రానికి పూర్తిగా ఆగింది. అభయుడు ఏ దేవుణ్ణి తలుచుకోవాలో తెలియక అందర్నీ తలుచుకున్నాడు.

పదమూడో పొద్దున, పళ్ళకోన ఒడ్డు కనపడే వేళకి, గుండె దగ్గర సన్నగా ఒక బూర ఊదినట్టు వినిపించింది. పీ... పీ... పీమ్.

"రాణి పుట్టింది!" అంది ఇప్పమ్మ. అప్పుడు ఏడ్చింది.

మహారాణిగారి పెరట్లో మామిడితొర్రలో పట్టు కట్టారు. మామిడి మొగ్గలు విచ్చుకుంటున్నాయి. వారం తిరిగాక కొత్త రాణి ఈగ మగ ఈగలతో పెళ్ళికి బయల్దేరింది, గాలిలోకి. ఆ వేళకే ఈగల్ని మింగే పచ్చపిట్ట కొమ్మ మీద వాలింది. ఊరంతా ఊపిరి బిగబట్టింది. ఒక గడియ. రెండు గడియలు. రాణి రాలేదు. మూడో గడియకి తొర్ర వాకిట చిన్న చుక్కొకటి వాలి, లోపలికి నడిచివెళ్ళింది.

పది రోజులకి అభయుడు రాలుతున్న పూతని పక్కకి తప్పించి చూశాడు. కాడ చివర ఆవగింజంత ఆకుపచ్చ పిందె. తల్లిని పిలిచాడు. ఆవిడ ఒక్కతే రాలేదు, ఇప్పుడు ఎత్తెయ్యాల్సిన విస్తరి ఒక్కటీ లేక, మూడు పీటలూ వాల్చి, పెద్దకొడుకులిద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చింది.

అభయుడు ఇప్పమ్మని పెళ్ళాడతానన్నప్పుడు పురోహితుడు అభ్యంతరం చెప్పబోయాడు. ముక్కు మీద ఈగ వాలడంతో నోరు మూసుకున్నాడు. ఆ పెళ్ళి పందిరి ఎంత పెద్దదంటే, ఆ చివర వాళ్ళకి ఇప్పటికీ తాంబూలం అందలేదు.

అన్నలు "నువ్వే కూర్చో" అంటే అభయుడే గద్దెనెక్కాడు. ఎన్నేళ్ళు ఏలాడంటే, సింహాసనం కాళ్ళు ఏడుసార్లు అరిగిపోయి ఏడుసార్లు కొత్తవి వేయించారు. ఏటేటా పూత వేళ చిన్న చలిగాలి వీచినా సరే, మహారాజు దుప్పటి కప్పుకుని వేకువనే వీధిన పడి, ఇంటింటి తలుపూ తట్టి, పూతకి మంచు పట్టకుండా చెట్ల కింద పొగ వేయించేవాడు. జనం దగ్గుకుంటూ, తిట్టుకుంటూ పొగ వేసేవాళ్ళు. వేసవిలో మోచేతుల దాకా రసం కార్చుకుంటూ మామిడిపళ్ళు తినేవాళ్ళు.