గొంగళి విప్పిన రేణువు

ఒక గాజుపలక మీద ఆకుపచ్చ రేణువు ఒకటి ఉండేది. దాని కింద నల్లని మెత్తని పొర పరుచుకుని ఉండేది. కిటికీలోంచి వచ్చే వెలుగును మింగి పొరకు అందించడం రేణువు పని. దాన్ని పలక అంచునున్న తీగ దాకా మోసుకెళ్లడం పొర పని.

అదే జరగడం లేదు. రేణువులన్నీ పుట్టగానే పొడుగాటి నూనె గొంగళి కప్పుకుంటాయి. వాటి లోకంలో రంగంటే ఒంటి కొలతే. చిన్నవి నీలం, పెద్దవి ఎరుపు, నడిమివి పచ్చ. మనం మనుషుల్ని కొలిచే తీరుకన్నా ఇదే నయమేమో, ఆ సంగతి అలా ఉంచుదాం. గొంగళి లేని రేణువు పక్కదానికి అంటుకుపోతుంది. అంటుకుంటే కొలత మారుతుంది, రంగు పోతుంది.

అందుకే గొంగళి అంత దళసరి. పచ్చరేణువు ఎంత చేయి చాపినా పొరకు అందేది కాదు. మింగిన వెలుగును ఏం చెయ్యాలో తోచక తిరిగి బయటికే వదిలేసి మిలమిల మెరిసేది. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉండేది. పలక యజమాని మాత్రం తీగ చివర మీటరు ముల్లు కదలడం లేదని విసుక్కున్నాడు. సాయంత్రంలోగా కదలకపోతే పలకను గుడ్డతో తుడిచేస్తానని చెప్పి వెళ్లిపోయాడు.

పచ్చరేణువు పొరకేసి మళ్లీ చేయి చాపింది, అందలేదు. పొర తన నూలుతో పొట్టి గొంగళి నేసిపెట్టానని, మార్చుకొమ్మని నెమ్మదిగా చెప్పింది. మార్చుకునేటప్పుడు ఒక్క క్షణం ఒళ్లు బోసిగా ఉంటుందన్న సంగతీ దాచలేదు.

పక్కనున్న ఎర్రరేణువు పెద్దది. ఈ మాట వినగానే నీలం అన్నదమ్ములిద్దరు గొంగళ్లు విప్పేసి, ఆనందం పట్టలేక కావలించుకున్న కథ మళ్లీ ఎత్తుకుంది. ఇప్పుడా మూలనున్న మట్టిరంగు ముద్దలో అన్నెవరో తమ్ముడెవరో వాళ్లమ్మకే తెలియదంది.

"వద్దే తల్లీ. తుడిస్తే తుడవనీ, పచ్చగానే పోదువుగాని."

"నువ్వు కాస్త అటు జరుగు పెద్దమ్మా," అంది పచ్చరేణువు. "నీ మీద ప్రేమ లేక కాదు."

ఎర్రరేణువు గొణుక్కుంటూ జరిగింది. పచ్చరేణువు గొంగళి విప్పింది. ఆ క్షణంలో పలక మీది ప్రతి రేణువూ తనను లాగుతున్నట్టే ఉంది దానికి. ఊపిరి బిగబట్టి పొట్టి గొంగళి మీదికి లాక్కుంది.

కిటికీలోంచి వెలుగు పడింది. మింగింది. చేయి చాపింది. మెరుపు మాత్రం రాలేదు. పచ్చరేణువు చీకటిగా ఉండిపోయింది.

"అయిపోయింది. చెప్తే విన్నదా," అంటూ ఎర్రరేణువు శోకాలు మొదలుపెట్టింది. మిగతావి వెనక్కి తగ్గాయి. తాను ఉన్నదో లేదో పచ్చరేణువుకే తెలియలేదు.

అప్పుడు కిందినుంచి పొర గొంతు వినిపించింది, బరువు మోసుకెళ్తున్న మనిషి గొంతులా.

"ఇది తీగ దగ్గర దింపి వస్తాను. ఇంకొకటి సిద్ధం చెయ్యి."