దేవుడైపోయిన మేక

అనగా అనగా అనగా, సముద్రానికి అవతలి ఒడ్డున ఆఫ్రికా అని ఓ పెద్ద సీమ. ఆ సీమలో ఓ ఊరు. ఆ ఊళ్ళో అఫియా అని ఓ పెద్దావిడ. శుక్రవారం పుడితే అక్కడ ఆ పేరు పెడతారు. ఆవిడ కోడలు అజోవా, సోమవారం పుట్టింది. మన సోమమ్మ అన్నమాట. నవ్వకండర్రా, మీ తాతమ్మ పేరు మంగమ్మ కాదూ?

ఊ కొడుతున్నారా? ఆఁ.

ఆ ఊళ్ళో రాత లేదు. రాత లేదు గానీ కథ లేదని కాదు. రాజుగారి తాత ఎవర్ని గెలిచాడో, ఎవరి చేతిలో తన్నులు తిన్నాడో, ఏ పిల్లని ఏ ఇంటికిచ్చారో, అంతా అఫియా నోట్లోనే ఉండేది. పంట పండగనాడు రాజుగారి ఎదుట కొయ్యపీట వేసుకుని కథ చెప్పేది ఆవిడే.

కోడలేమో దొరల బళ్ళో చదువుకుంది. అక్కడేం నేర్పారయ్యా అంటే, మంచు మీద పద్యాలు రాయడం నేర్పారు. మంచనేది వాళ్ళ ముత్తాత కూడా చూళ్ళేదు. ఈ పిల్ల చెమట తుడుచుకుంటూ, విసురుకుంటూ, ఆహా మంచు కురిసిందని రాసేది. అది పిండిలా ఉంటుందా, రొట్టెకి పనికొస్తుందా అని అత్తగారడిగితే ఉక్రోషం వచ్చేది.

ఇలా ఉండగా ఒక దొర దిగాడు. అంత ఎండలోనూ మెడకి గుడ్డ బిగించుకుని మరీ దిగాడు. పాపం ఈ జనానికి సాహిత్యం లేదు, నేనే ఏరుకుపోయి దాచిపెడతానన్నాడు. లేనిదాన్ని ఏరడమేమిటో, అది ఆయనకే తెలియాలి!

అఫియా తాబేలు ఏనుగుని పందెంలో ఓడించిన కథ ఎత్తుకుంది. ఆవిడ చెప్పడం, అజోవా దొర భాషలో అనడం, దొర గీకడం. తాబేలు నడిచింది, దొర గీకాడు. ఏనుగు ఘీంకరించింది, దొర గీకాడు. ఇంతలో ఎవరిదో మేక వచ్చి, వాకిట్లో ఎండబోసిన జొన్నల్లో మూతి పెట్టింది.

"ఛీ, నీ గడ్డం కాలా! పో, పోవే ఇక్కణ్ణించి!" అంది అఫియా.

అజోవాకి దొరంటే హడలు. ఒక్క మాట వదిలినా ఏమనుకుంటాడోనని అదీ చెప్పేసింది. దొర అదీ గీకాడు.

కొన్నాళ్ళకి దిండంత పుస్తకం వచ్చింది. అట్ట మీద దొర పేరు బంగారు అక్షరాల్లో. అఫియా పేరు ఎక్కడా లేదు, ఎవరో ఆటవిక వృద్ధురాలట! కథలో మేక మాత్రం ఉంది. ఆ మేక వీళ్ళ పంటల దేవుడనీ, గడ్డం కాలడమంటే యజ్ఞమనీ, పేజీలకు పేజీలు వివరం రాశాడు.

పుస్తకం బడికెక్కింది, బడిలోంచి పంతుళ్ళ నోటికెక్కింది, పంతుళ్ళ నోట్లోంచి పిల్లల బుర్రకెక్కింది, పిల్లల బుర్రలోంచి రాజుగారి నెత్తికెక్కింది. రాజుగారు అఫియాని పిలిపించి, ఈ పండక్కి కథ పుస్తకంలో ఉన్నట్టే చెప్పాలి, మేక వచ్చినప్పుడు లేచి దణ్ణం పెట్టాలి, లేకపోతే పీట దిగిపో, పంతులు చదువుతాడన్నారు.

అఫియా ఇంటికొచ్చి మూలన కూలబడింది. "నేను తోలేసిన మేకకి నేనే మొక్కాలిటే?" అంది కోడలితో.

అజోవాకి గుండెల్లో కలుక్కుమంది. ఆ మేకని కథలోకి తోలింది తన నోరే కదా! తిన్నగా వెళ్ళి మంచు పద్యాలన్నీ పొయ్యిలో పెట్టింది. ఆ మంచు ఎండుటాకులా కాలింది. మళ్ళీ కాగితం తీసి అసలు కథ రాసింది. చదివితే అత్తగారికి నిద్రొచ్చింది.

"ఇదీ దొర గొంతే. నా దగ్గు లేదు, నా తిట్టు లేదు. నేనెక్కడున్నానే ఇందులో?"

మళ్ళీ రాసింది. అత్తగారు మళ్ళీ నిద్రపోయింది. మళ్ళీ రాసింది. ఈసారి దొర అక్షరాలు తీసుకుని అత్తగారి మాట పెట్టింది. మెడకి గుడ్డ బిగించుకుని దొర రావడం దగ్గర్నించి ఎత్తుకుంది. అత్తగారు నిద్రపోలేదు సరికదా, పొట్ట పట్టుకుని నవ్వింది.

పండగ రానే వచ్చింది. అఫియా పీట మీద కూచుని, ఈ ఏడు నా నోరు నా కోడలి చేతిలో ఉంది వినండి అంది. అజోవా నిలబడి చదివింది. మేక వచ్చే చోటుకొచ్చింది. జనం రాజుగారి మొహం వంక చూశారు. రాజుగారు మొహం గంటు పెట్టుకుని ఉన్నారు. అయిపోయింది, అత్తగారి పీట పోయింది అనుకుంది పిల్ల.

ఆ ఊళ్ళో ఓ ఆచారముందర్రా. కథ మనసుకి నచ్చితే ఎవరైనా లేచి, ఆరోజు నేనూ అక్కడున్నానని అడ్డుపడి పాటెత్తుకోవచ్చు. రాజుగారి ముందైనా సరే.

వెనక నుంచి ఓ ముసలాయన కర్ర పట్టుకు లేచాడు. "ఆగవే అమ్మాయీ! ఆరోజు నేనూ అక్కడున్నా. ఆ మేక నాదే! కట్టు తెంచుకుపోయింది. సాయంత్రం దాన్ని నాలుగు బాదాను కూడానూ!"

అని మేక మీద పాటెత్తుకున్నాడు. జనం గొల్లున నవ్వి అందుకున్నారు. రాజుగారు కిరీటం జారిపోతుంటే పట్టుకుని మరీ నవ్వారు. నిన్న పొద్దున కూడా మేకకి దణ్ణం పెట్టానే అని చెంపలేసుకుని, పీట నీదే తల్లీ, రాత నీ కోడలిదీ అన్నారు.

పుస్తకం అచ్చయింది. అట్ట మీద అత్తాకోడళ్ళ పేర్లు రెండూ పడ్డాయి. దొరలు చదివి, చూశారా, మా బళ్ళో చదువుకున్నాక వీళ్ళకీ సాహిత్యం వచ్చిందని మురిసిపోయారట. అఫియా అది విని, ఏమందనుకున్నారు? నా కోడలికి దొర నేర్పింది మంచొకటే, అదీ కాలిపోయింది అంది.

అంచేత ఎవరి కథ వాళ్ళు చెప్పుకోవాలి, రాయగలిగితే రాసుకోవాలి. లేదంటే ఎవడో వచ్చి మీ ఇంటి మేకకి మీచేతే మొక్కిస్తాడు.

కథ కంచి దారి పట్టింది, మీరింక దుప్పట్లోకి దూరండి.