మూడు వేళ్ళ కొలత

లూషెన్ కూతురు పొద్దుటినుంచి మంచినీళ్ళు కూడా కడుపులో ఉంచుకోలేకపోయింది. ఛియావ్‌కి ఐదేళ్ళు. పడవ ప్రయాణం సరిపడక తోటకూర కాడలా వేలాడిపోయింది. రేవు చేరడానికి ఇంకా సగం రోజుంది.

తల్లిలేని ఆ పిల్లను వెంటబెట్టుకుని లూషెన్ సొంత ఊరు వదిలి, సూదివైద్యం నేర్చుకోవడానికి పెయ్ గురువుగారి దగ్గర చేరి మూడేళ్ళయింది. మణికట్టు లోపలివైపు రెండు నరాల నడుమ ఉండే బిందువు గురించి అడిగితే గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతాడు. వికారానికి, వాంతులకు, ఎక్కిళ్ళకు, గుండెదడకు, నిద్రపట్టనప్పుడు. మణికట్టు గీతకు మూడు వేళ్ళ ఎగువన.

అలాగే తన మూడు వేళ్ళు ఆనించి కొలిచాడు. కన్నబిడ్డకు సూది గుచ్చడానికి చెయ్యి రాక, బొటనవేలితో నొక్కాడు. పిల్ల మళ్ళీ కక్కుకుంది. ఇంకా గట్టిగా నొక్కాడు. చర్మం కందింది గాని వాంతి ఆగలేదు.

గురువుగారు పడవ చివర సరంగుతో కబుర్లలో ఉన్నారు. లూషెన్ వెళ్ళి ఆయన ముందు నిలబడ్డాడు. వైద్య గ్రంథంలో తప్పుందో, తన చేతిలోనే గుణం లేదో చెప్పమన్నాడు. పసిదాన్ని పరాయి ఊళ్ళ వెంట తిప్పడమే తను చేసిన తప్పేమోనని కూడా అన్నాడు.

గురువుగారు లేచి వచ్చి పిల్ల పక్కన కూచున్నారు.

"నీ కుడిచెయ్యి ఇలా ఇవ్వు తల్లీ."

ఆ చేతి మూడు వేళ్ళనూ పిల్ల ఎడమ మణికట్టు మీద పేర్చారు. తండ్రి నొక్కిన ఎర్రమచ్చ ఎక్కడో పైన ఉండిపోయింది. చిట్టివేళ్ళ అంచున తన బొటనవేలు మెల్లగా ఆనించి, గురువుగారు నీళ్ళవైపు చూస్తూ కూచున్నారు.

పడవ ఒక వంపు తిరిగింది. మరో వంపు తిరిగింది. పిల్ల తేన్చింది.

"నాన్నా, ఆకలి."

చెంచాడు గంజి పట్టారు. నిలిచింది. మరో రెండు చెంచాలు పట్టారు. అవీ నిలిచాయి.

లూషెన్ పిల్ల పక్కన కూచున్నాడు. "గ్రంథంలో మూడు వేళ్ళనే కదా గురువుగారూ ఉంది?"

"ఎవరి వేళ్ళు?"

లూషెన్ తన చెయ్యి చూసుకున్నాడు. అది ఇంకా వణుకుతూనే ఉంది. ఛియావ్ కూడా చూసింది. తండ్రి ఎడమచెయ్యి ఒళ్ళోకి లాక్కుని, నొక్కబోయి ఆగింది. అతని కుడిచేతి వేళ్ళు మూడూ ఒక్కొక్కటే పట్టి మణికట్టు మీద పేర్చింది. వాటి అంచున తన బొటనవేలు ఆనించింది.

"గుండెదడకు కూడా అని అప్పజెబుతావుగా," అని గురువుగారు మళ్ళీ సరంగు దగ్గరికి వెళ్ళిపోయారు.

పిల్ల వేలు తీసేదాకా లూషెన్ చెయ్యి కదపలేదు.